మీకు తెలుసా? నిజాంను తలకిందులుగా చూసిన మనిషి

పోయిన నెల మా అమ్మ అమెరికా వీసా ఫొటో కోసం బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో 27వ మెయిన్ మీదున్న ఒక ఫొటో కొట్టుకి వెళ్ళాం. కొట్లో కుర్రాడిది హిందూపురం. మేం తెలుగువాళ్ళమని మాట వినగానే పట్టేశాడు. "అమ్మా, కళ్ళజోడు తీసెయ్యండి. గడ్డం కొంచెం కిందికి. నవ్వొద్దు. ఆఁ... అంతే, కదలొద్దు" అన్నాడు. ఇంట్లో కొడుకులూ కోడళ్ళూ అల్లుడూ కలిసి చెప్పినా ఒక మాట వినని మా అమ్మ, వాడు చెప్పినవన్నీ వరసగా చేసి బొమ్మలా కూచుంది.

ఇంటికి నడిచొస్తుంటే నాకో అనుమానం వచ్చింది. ఈ "కదలొద్దు" అనే మాట హైదరాబాదు నిజాంతో ఎవరైనా అనగలిగారా అని. అన్నవాడు ఉండే ఉండాలి, లేకపోతే ఆ ఫొటోలన్నీ అంత స్పష్టంగా వచ్చేవి కావు. ఆ మనిషి లాలా దీన్‌దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు. ఎంత వినయంగా, ఎన్ని సలాములు కలిపి అన్నాడో గానీ, అని ఉంటాడు.

దర్బారంతా తలకిందులు

ఆ రోజుల కెమెరా అంటే తోలు మడతల పెట్టె. ముందు కటకం, వెనక గరుకు గాజు పలక. ఫొటోగ్రాఫరు నల్ల గుడ్డ తల మీద కప్పుకుని ఆ గాజు మీద పడే బొమ్మ చూస్తూ ఫోకస్ సరిచేసేవాడు. కటకం గుండా వచ్చిన వెలుగు కిరణాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుని పడతాయి కాబట్టి ఆ గాజు మీద బొమ్మ తలకిందులుగా ఉంటుంది, కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి. అంటే ఎదుట నవాబు సింహాసనం మీద ఠీవిగా కూచుంటే, నల్ల గుడ్డ లోపల దీన్‌దయాళ్‌కి మాత్రం ఆయన పాదాలు పైన, తలపాగా కింద. కింది నుంచి పైకి చూడ్డమే తప్ప ఇంకోలా చూడ్డానికి వీల్లేని ప్రభువుని ఇలా చూసే హక్కు ఆ రాజ్యంలో ఆ వృత్తివాళ్ళకే ఉండేది.

దీన్‌దయాళ్‌కి అది కొత్తగా అనిపించి ఉండదు. కారణం, ఆయన చదివింది సివిల్ ఇంజనీరింగ్. అప్పటి సర్వే దుర్భిణుల్లో కూడా బొమ్మ తలకిందులుగానే కనిపించేది. కొలతబద్ద మీది అంకెలు తిరగేసి చదవడం సర్వేయర్లకి అలవాటైన పనే.

లాంగ్ లీవు పెట్టిన ఇంజనీరు

మా హెచ్‌ఎస్‌ఆర్‌లో పొద్దున ఆరింటికి అగర చెరువు గట్టు మీదికి వెళ్తే మోచేయంత లెన్సులు తగిలించుకుని కొంగల కోసం కాపు కాసే ఇంజనీర్లు కనిపిస్తారు. "ఇంకో రెండేళ్ళు చూసి ఉద్యోగం మానేసి ఇదే చేస్తా అన్నా" అని వాళ్ళలో సగం మంది నాతో అన్నారు. వాళ్ళ కోసం ఈ ముక్క.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ కాలేజీలో చదివి 1866లో బయటికొచ్చి, ఇండోర్‌లో ప్రజా పనుల శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. రోడ్డుకి ఎంత కంకర, గోడకి ఎన్ని ఇటుకలు, అదీ పని. కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో, అంటే ముప్ఫై ఏళ్ళ వయసులో. ఇండోర్ మహారాజా తుకోజీరావు హోల్కర్, గవర్నర్ జనరల్ ఏజెంటు సర్ హెన్రీ డాలీ ఆయన్ని వెన్నుతట్టారు. 1875-76లో వేల్స్ యువరాజు పర్యటనకొస్తే ఆ ఫొటోలు తీసే అవకాశం ఈ ఎస్టిమేటరుకి దక్కింది. తర్వాత డాలీ పదవిలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ అంతా తిరిగి గుళ్ళూ కోటలూ తీశాడు. మధ్య భారతపు కట్టడాల మీద ఆ ఫొటోలతో 1886లో పుస్తకం వచ్చింది.

మన కుర్రాళ్ళు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆయన రాజీనామా ముఖాన కొట్టి రాలేదు. రెండేళ్ళు సెలవు పెట్టాడు. ఆ సెలవు కాలంలోనే వైస్రాయి ఫొటోగ్రాఫరు అనే హోదా వచ్చింది, నిజాం దర్బారు పిలుపూ వచ్చింది. ఇవన్నీ చేతిలో పడ్డాకే సర్కారు కొలువు వదిలాడు. పదేళ్ళకు పైగా జీతం తీసుకుంటూ కెమెరా తిప్పిన మనిషి. లెక్కలు వేయడం వచ్చినవాడు అనిపించుకున్నాడు.

ఆ లెక్క ఆయన ఫొటోల్లోనూ కనిపిస్తుంది. ఫలక్‌నుమా లాంటి మహళ్ళ ఫొటోలు చూడండి. స్తంభాలు నిట్టనిలువుగా, మెట్లు సరిసమానంగా, ప్లాను గీసినట్టే ఉంటాయి. నవాబుల గుంపు ఫొటోలో కూడా ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి మోకాలు ఎవరి కుర్చీ దాటకూడదో అంతా కొలిచి పెట్టినట్టు ఉంటుంది. నాకైతే ఆయన తీసిన మనుషుల కంటే కట్టడాలే ఎక్కువ ప్రాణంతో ఉన్నాయనిపిస్తుంది.

ఫొటోగ్రాఫరుకి యుద్ధ బిరుదు

నిజాం ఆయనకిచ్చిన బిరుదు "రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్". ముసవ్విర్ అంటే బొమ్మలు తీసేవాడు. జంగ్ అంటే యుద్ధం. కత్తి పట్టకపోయినా ఆ దర్బారులో చాలామంది పెద్దవాళ్ళ పేరు చివర జంగ్ ఉండేది. సాలార్ జంగ్ అయినా అంతే. అలా మన డ్రాఫ్ట్స్‌మన్ రాజా దీన్‌దయాళ్ అయ్యాడు. సికింద్రాబాదులో 1886లో పెట్టిన స్టూడియో తర్వాత "రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్"గా పేరుకెక్కింది. ఆ సన్స్ ఇద్దరు: జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్.

విక్టోరియా రాణి నుంచి రాయల్ వారంటు కూడా వచ్చింది. వారంటు అనగానే పోలీసులు గుర్తొస్తారు మనకి. ఇది వేరు. రాజకుటుంబానికి పని చేసిపెట్టే దుకాణం ఆ మాట తన బోర్డు మీద వేసుకోవచ్చు, అదీ సంగతి. తెలివైన వ్యాపారికి అంతకంటే ఏం కావాలి? రాణిగారి ఫొటోగ్రాఫరు మా ఊళ్ళో ఉన్నాడంటే కంటోన్మెంటులో ప్రతి ఆంగ్ల దొరసానికీ తన ఫొటో అక్కడే దిగాలనిపిస్తుంది. నవాబుల ఫొటోలు పేరు తెచ్చాయి. కంటోన్మెంటు పెళ్ళిళ్ళూ, పోలో జట్లూ, పసిపిల్లల ఫొటోలూ కొట్టు నడిపాయి. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి, 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో.

మగవాళ్ళకి ప్రవేశం లేని స్టూడియో

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది ఇదే. పరదాలో ఉండే బేగంలకి ఫొటో దిగాలని ఉండదా? ఉంటుంది. కానీ నల్ల గుడ్డ కింద ఉన్నది పరాయి మగవాడు. రాజా బహదూర్ అయినా సరే, మగవాడే.

1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. ఆడవాళ్ళ కోసం మాత్రమే. దాన్ని నడిపింది శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. ఆవిడ భర్త పత్రికా విలేకరి. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఆవిడ, సాయానికి స్థానిక ఆడవాళ్ళు. గుర్రబ్బండి తెర దింపుకుని లోపలికి రావడం, ఫొటో దిగడం, తెర దింపుకుని వెళ్ళిపోవడం. దీన్‌దయాళ్ తన పేరున నడిచే స్టూడియోలో తానే అడుగు పెట్టలేడు.

అక్కడితో అయిపోయిందా? ఫొటో తీయడం ఒక ఎత్తు, కడగడం, అచ్చు వేయడం ఇంకో ఎత్తు. గాజు పలక బయట మగవాళ్ళ చేతికి వెళ్తే పరదా పోయినట్టే. బేగంల ఫొటోలు వాళ్ళ పెట్టెల్లో దాచుకోవడానికే గానీ పటం కట్టి దివాన్‌ఖానాలో వేలాడదీయడానికి కాదు.

ఇదే ముచ్చట జయపూర్‌లో మరోలా జరిగింది. మహారాజా సవాయి రామ్‌సింగ్ తానే కెమెరా పట్టాడు. 1880లో చనిపోయేలోపు అంతఃపురం ఆడవాళ్ళ ఫొటోలు తానే తీశాడు. రాజు ఫొటోగ్రాఫరైతే పరదా గొడవే లేదు.

జైనుడి స్టూడియోలో కోడిగుడ్డు

అప్పటి ఫొటోలకి ఆ గోధుమరంగు నిగనిగ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? కోడిగుడ్డు తెల్లసొన నుంచి. తెల్లసొనలో ఉప్పు కలిపి గిలక్కొట్టి, నురగ తీసేసి, ఆ ద్రవం మీద సన్నటి కాగితాన్ని తేలేసి ఆరబెట్టేవాళ్ళు. వాడే ముందు సిల్వర్ నైట్రేట్ నీళ్ళ మీద తేలిస్తే వెలుగుకి నల్లబడే గుణం వస్తుంది. దాని మీద గాజు నెగటివ్ పెట్టి, చెక్క చట్రంలో బిగించి, ఎండలో పెడతారు. అంటే అప్పడాలు ఆరబెట్టినట్టే, మిద్దె మీద వరసగా. మధ్యమధ్య చట్రం వెనక తలుపు సగం తెరిచి, బొమ్మ ఎంత ముదిరిందో చూసి, మళ్ళీ మూసి. సరిపోయిందనిపిస్తే బంగారు లవణం కలిపిన నీళ్ళలో ముంచుతారు, రంగు స్థిరపడ్డానికి. మబ్బు పడితే ఆ పూట అచ్చు లేదు. గాజు పలక ఎంత ఉంటే ఫొటో అంతే. పది అంగుళాలు, పన్నెండు అంగుళాల ఫొటో కావాలంటే అంత గాజునీ కెమెరాలో పెట్టి మోసుకు తిరగాల్సిందే.

జర్మనీలో డ్రెస్డెన్‌లో ఈ కాగితం తయారు చేసే ఒక ఫ్యాక్టరీకి 1888లో రోజుకి 60 వేల గుడ్లు పట్టేవట. తెల్లసొన కాగితానికి పోగా మిగిలిన పచ్చసొనంతా ఏం చేశారో అని మా వీధి మెస్ నడిపే ఆంటీ నన్ను అడిగింది. ఆవిడ ఆలోచన ఎప్పుడూ అటే. నా ఆలోచన ఇంకో వైపు వెళ్ళింది. ఇంట్లో గుడ్డు ముట్టని జైన కుటుంబం. పటాల్లో మాత్రం ప్రతి నవాబూ తెల్లసొన పొర మీదే వెలిగాడు.

పసుపు నలుపైంది

ఆసఫ్ జాహీల రంగు పసుపు. నిజాం తలపాగా పసుపు. కానీ అప్పటి మామూలు ఫొటో పలకకి నీలం బాగా కనిపించేది, పసుపూ ఎరుపూ దాదాపు కనిపించేవే కావు. అందుకని ఆకాశం సున్నం వేసిన గోడలా తెల్లగా వచ్చేది, పసుపు తలపాగా ముదురుగా దిగేది, కెంపులు నల్ల గింజల్లా ఉండేవి. పాత ఫొటోలో నవాబు నల్ల అంగీ వేసుకున్నాడని అనుకునే ముందు, అది ముదురు ఎరుపేమో అని ఒక్క క్షణం ఆగండి. వాటికి ఈ మధ్య కంప్యూటర్‌తో రంగులు అద్ది వాట్సాప్‌లో పంపేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెప్తే బావుణ్ణు.

ఫొటోషాప్ కూడా కొత్తది కాదు. మొహం మీది ముడత నెగటివ్‌లో పల్చటి గీతగా ఉంటుంది. స్టూడియోల్లో దాని మీద కాస్త వార్నిష్ పూసి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చుక్కచుక్కగా నింపేవాళ్ళు. అచ్చు వేసేసరికి ముడత మాయం. దీన్నే రీటచింగ్ అనేవాళ్ళు. మా అమ్మ హిందూపురం కుర్రాణ్ణి అదే అడిగింది, కళ్ళ కింద నలుపు కొంచెం తీసెయ్యమని. "వీసా ఫొటోకి అట్లా చేస్తే రిజెక్ట్ చేస్తారమ్మా" అన్నాడు. నవాబుకున్న సౌకర్యం ఆవిడకి దక్కలేదు.

నెక్కొండలో పులి

1902 ఏప్రిల్. వైస్రాయి లార్డ్ కర్జన్, ఆయన భార్య మేరీ వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేటకి దిగారు. దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఆ వేట ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. దంపతులు నిలబడి ఉంటారు, పాదాల దగ్గర చచ్చిన పులి. పాత ఇండియా అంటే ప్రపంచానికి గుర్తొచ్చే ఫొటోల్లో అదొకటి. తీసింది మాత్రం మన కాజీపేట - డోర్నకల్ లైను మీదున్న ఊరి దగ్గర. ఆ ఊరివాళ్ళలో ఎంతమందికి తెలుసో.

అదే ఏడాది కర్జన్ నిజాం దగ్గర ఇంకో వేట కూడా ముగించాడు. బేరార్ ప్రాంతాన్ని ఏటా 25 లక్షల రూపాయలకి శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. ఆ వేటకి మాత్రం ఇలాంటి ఫొటో మిగల్లేదు. ఆస్థాన ఫొటోగ్రాఫరు పని ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. ఏది చూపించమంటే అది అందంగా చూపించడం.

ఈ మాట మరీ కఠినంగా అనిపించొచ్చు. ఎందుకంటే 1899-1900 కరువులో ఔరంగాబాద్ ప్రాంతంలో సాగిన కరువు పనుల ఫొటోలు కూడా ఆ స్టూడియోవే. తట్టలు మోసే జనం, గంజి కోసం వరసలో కూచున్న పిల్లలు. అవీ సర్కారు తీయించినవే, నిజాం ప్రభుత్వం ఎంత చేస్తోందో చెప్పడానికి. కానీ కెమెరా ముందు కూచున్న పిల్లవాడి డొక్కల్ని ఏ ఆస్థానమూ రీటచ్ చేయించలేకపోయింది. నవాబుల ఆల్బమ్‌లు వంద తిరగేసినా గుర్తుండవు గానీ, అవి గుర్తుంటాయి.

గాజు ఎటు పోయింది

చివరి దినాలు త్వరత్వరగా నడిచాయి. 1903 ఢిల్లీ దర్బారు ఫొటోలు ఆయన సంస్థ తీసింది. 1904లో కొడుకు ధరమ్‌చంద్ పోయాడు. మరుసటి ఏడాది, 1905లో, దీన్‌దయాళ్ కూడా పోయాడు. వ్యాపారం జ్ఞాన్‌చంద్ చేతికొచ్చింది. అప్పటికే చేతిలో పట్టే చిన్న కెమెరాలు బజారులోకి వచ్చేశాయి. దొరసానులు తమ పిల్లల ఫొటోలు తామే తీసుకోవడం మొదలెట్టారు.

గాజు పలకలు మాత్రం కొన్ని కుటుంబం దగ్గరే మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిని తీసుకుంది. లెక్కపెడితే 2,857 పలకలు. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది. రాజుల ఫొటోలు తీసినవాడి ఫొటో అంగుళమున్నర కాగితం మీదికి దిగింది.

హైదరాబాదు వెళ్ళినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో పాత ఫొటోల గదిలో కాసేపు నిలబడండి. మా ఏరియాలో ఉన్న ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్ పిల్లలైతే అక్కడ బట్టల అంచులు, గుండీలు చూసి నోట్సు రాసుకుంటారు. నేను మాత్రం కళ్ళు చూస్తా. నవాబులు, వజీర్లు, చివర నిలబడ్డ బంట్రోతులు, అందరి చూపూ ఒకే చోటికి, ఆ నల్ల గుడ్డ వైపే.

వీసా ఫొటోలు కవర్లో పెట్టి ఇచ్చాక హిందూపురం కుర్రాణ్ణి అడిగా, ఫైలు దాచి ఉంచుతావా నాయనా, మళ్ళీ కావాల్సొస్తే అని.

"మూడు నెలలుంటుంది సార్, ఆ తర్వాత డిలీట్" అన్నాడు, తర్వాతి కస్టమర్‌కి స్టూలు సర్దుతూ.